గ్రీన్‌హౌస్ సెన్సర్ డేటాను క్రేట్‌తో ఎలా ముడిపెట్టాలి?

పచ్చతెర:
గ్రీన్‌హౌస్‌లో టమాటా, కీరా వేస్తున్నాం. ఉష్ణోగ్రత, తేమ, ఈసీ (నీళ్లలో ఎరువు లవణాలు ఎంతున్నాయో చెప్పే కొలత), పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) అన్నీ సెన్సర్లే చూసుకుంటాయి, ఏ వాల్వ్ ఎంతసేపు తెరిచిందో కూడా రికార్డవుతోంది. ఇప్పుడు కొనేవాళ్లు ప్రతి క్రేట్ ఎక్కడ, ఎప్పుడు కోశారు, ఏ మందు కొట్టారు, ఎంత నీరు, కరెంటు పట్టింది అని అడుగుతున్నారు. డేటా కుప్పలుగా ఉంది, కానీ ఫలానా క్రేట్‌కి ఫలానా డేటా అని చూపించే దారి లేదు. బ్లాక్‌చైన్ పెట్టించుకోమని ఒకాయన ఒకటే వెంటపడుతున్నాడు. అవసరమా?

డ్రిప్‌లైన్:
బ్లాక్‌చైన్ పక్కన పెట్టండి. ఎక్కించిన వివరాన్ని తర్వాత ఎవరూ చడీచప్పుడు లేకుండా మార్చకుండా చూస్తుంది, అంతే. ఎక్కించిందే తప్పైతే ఆ తప్పునే భద్రంగా దాస్తుంది. మీకు డేటాకీ క్రేట్‌కీ లింకు తెగుతున్నది కోత దగ్గర. నీళ్లూ ఎరువూ వాల్వ్ వారీగా వెళ్తాయి కాబట్టి గ్రీన్‌హౌస్‌ని కూడా వాల్వ్ వారీగానే బ్లాకులు చేయండి, అప్పుడు బ్లాకు, కోత తేదీ కలిపితే అదే లాట్ నంబరు. క్రేట్ నిండగానే, ఆ వరుసలోనే, స్టిక్కర్ స్కాన్ చేయించండి. షెడ్డుకి తెచ్చాక చూద్దాం అన్నారో, ఏది ఎక్కడిదో ఇక దేవుడికే తెలియాలి.

పచ్చతెర:
బాగుందండి. మరి గ్రేడింగ్‌లో అన్ని బ్లాకుల కాయలూ ఒకే బెల్టు మీద పడతాయి కదా?

లాట్‌బుక్:
అసలు చిక్కంతా అక్కడే. బ్లాకు మారినప్పుడల్లా బెల్టు ఖాళీ చేయాలి, లేదా కలిపిన సరుకుకి కొత్త లాట్ ఇచ్చి దాని కింద పాత లాట్లన్నీ ఎక్కించాలి. రెండోది తేలికే గానీ, రేపు ఒక్క బ్లాకులో తేడా వస్తే కలిసిన సరుకంతా వెనక్కి రప్పించాల్సిందే. ఐరోపా యూనియన్ 178/2002 చట్టం కూడా ఎవరి దగ్గర కొన్నారు, ఏ వ్యాపారికి అమ్మారు అనే అడుగుతుంది, బెడ్ దాకా వెళ్లదు. కాబట్టి రోజూ నిలబెట్టుకోగలిగినంతే ఒప్పుకోండి. ఇంకోటి, బార్‌కోడ్ ప్రమాణాలు చూసే జీఎస్1 సంస్థ వాళ్ల జీటిన్ (సరుకు గుర్తింపు నంబరు) ఒక్కటే వేస్తే చాలదు, అది ఏ సరుకో చెబుతుంది గానీ ఏ కోతో చెప్పదు, లాట్ నంబరు విడిగా ఉండాలి.

మట్టిచేయి:
నీళ్ల లెక్క దగ్గర జాగ్రత్త అన్నా. టమాటా నెలల తరబడి కాస్తూనే ఉంటుంది, కోసిన రోజు పెట్టిన నీళ్లని ఆ రోజు క్రేట్‌కి అంటగడితే అది లెక్కే కాదు. నీరు, కరెంటు పంట మొత్తం మీద కిలోకి ఇంత అని సగటు చూపించు, మొక్కల కింద నుంచి కారిపోయే డ్రెయిన్ నీళ్లు శుద్ధి చేసి మళ్లీ వాడుతుంటే అవి తీసేయి. మందు మాత్రం లాట్‌తోనే పోవాలి. పీహెచ్ ప్రోబ్ వాడేకొద్దీ తప్పు చూపిస్తుంది, పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో ముంచి సరిచూసిన తేదీ కూడా రికార్డులో లేకపోతే ఆ గ్రాఫులు ఎంత అందంగా ఉన్నా దండగే.

పచ్చతెర:
మందుల రికార్డు మాత్రం ఇంకా నోట్‌బుక్కులోనే ఉంది.

డ్రిప్‌లైన్:
ముందు దాన్నే ఫోన్‌లోకి ఎక్కించండి. మందు కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు పూర్తికాని బ్లాకుది అయితే స్కాన్ దగ్గరే క్రేట్‌ని ఆపేసేలా పెట్టించుకోండి. మిగతా యాప్ హంగులన్నీ తర్వాత.