కీమో జరుగుతున్న స్నేహితురాలితో తిరుమల ప్రయాణం: ఏ రోజు వెళ్లాలి, ఏం సర్దుకోవాలి?

ప్రశ్న (చిత్తూరు నుంచి)

అందరికీ నమస్కారం. నా స్నేహితురాలికి 46 ఏళ్లు, రొమ్ము క్యాన్సర్. కుడివైపు ఆపరేషన్ అయింది, చంకలో గడ్డలు కూడా తీశారు. వేలూరులో కీమో నడుస్తోంది, మూడు వారాలకు ఒకటి. ఇప్పుడు పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు, ఇంకా రెండున్నాయి. ఎడమవైపు ఛాతీలో కీమో పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉంది. అరికాళ్లు, వేళ్ల చివర్లు తిమ్మిరిగా ఉంటున్నాయి. కీమో అయిపోయేదాకా ఆగకుండా, మధ్యలోనే ఒకసారి స్వామిని చూసి రావాలని ఆమె కోరిక. ఇంట్లో పెద్దవాళ్లు తలనీలాల మొక్కు కూడా తీర్చేయమంటున్నారు. కారులో ఆమె, భర్త, నేను వెళ్తాం. తేదీ ఎలా పెట్టుకోవాలి? టికెట్ ఏది తీసుకోవాలి? రాత్రి కొండమీద ఉండొచ్చా? దారిలో ఒంట్లో బాగాలేకపోతే ఏం చేయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1 (కీమో డేకేర్ నర్సు, తిరుపతి)

అక్కా, ముందు తేదీ సంగతి. దీనికి పంచాంగం కాదు, రక్త పరీక్ష చూడాలి. కీమో ఎక్కించిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టండి. మూడు వారాల పద్ధతిలో తెల్లకణాలు సాధారణంగా 7 నుంచి 14వ రోజు మధ్య బాగా పడిపోతాయి, ఆ తర్వాత మెల్లగా లేస్తాయి. రెండో వారంలో మనిషి పైకి బాగానే కనిపిస్తుంది. వాంతులు తగ్గి, నాలుగు ముద్దలు తింటోంది కదా అని చాలామంది అప్పుడే బయల్దేరతారు. ఒంట్లో కాపలా అస్సలు లేని వారం అదే.

మీకు అనువైనవి 17, 18 రోజులు. 16వ రోజు సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి. అందులో ఏఎన్‌సీ అనే అంకె (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాల సంఖ్య) చూడాలి. 1500 పైన ఉంటే డాక్టరుకు చూపించి బయల్దేరవచ్చు. 1000 కంటే తక్కువైతే గుంపులోకి వద్దు. 500 లోపు ఉంటే గుమ్మం దాటే మాటే లేదు. ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ కూడా అదే కాగితంలో ఉంటాయి, అవీ చూపించండి. 20వ రోజు దాకా ఎందుకు ఆగకూడదంటే, వచ్చాక రెండు మూడు రోజుల విశ్రాంతి కావాలి. క్యూలో అంటుకున్న జలుబు ముదిరితే తర్వాతి కీమో వెనక్కి జరుగుతుంది.

జ్వరం గురించి ఒక్క మాట తప్పకుండా గుర్తుంచుకోండి. డిజిటల్ థర్మామీటర్ మీ చేతిసంచిలో ఉండాలి, సామానుతో డిక్కీలో కాదు. 100.4 ఫారెన్‌హీట్ ఒక్కసారి చూపించినా, చలితో వణుకు వచ్చినా వెంటనే ఆసుపత్రికి. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఇంట్లోవాళ్లు మామూలుగా చేసే పొరపాటు పారాసిటమాల్ వేసి పడుకోబెట్టడం. వేడి తగ్గుతుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ తగ్గదు, పైగా దాన్ని మనకు కనబడకుండా చేస్తుంది. మందుల షాపులో నడుముకు ఇంజెక్షన్ కూడా వేయించవద్దు.

క్యాజువాలిటీలో మొదట చెప్పాల్సిన మాట "జ్వరం" కాదు. "కీమో పేషెంటు, ఎక్కించి ఇన్ని రోజులైంది, జ్వరం ఇంత" అని ఒకే వాక్యంలో చెప్పండి. ఆ మాట వింటే వరుసలో కూర్చోబెట్టరు. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. ఒక కాగితం మీద జబ్బు పేరు, మందుల పేర్లు, చివరి కీమో తేదీ, చివరి సీబీసీ, పడని మందులు, ఆంకాలజీ (క్యాన్సర్) డాక్టరు నంబరు రాసి పెట్టుకోండి. "కుడిచేతికి బీపీ, సూది వద్దు" అని పెద్ద అక్షరాల్లో రాయండి. చంకలో గడ్డలు తీసిన చేతికి వాపు రాకుండా ఈ జాగ్రత్త.

జవాబు 2 (తిరుపతి వాసి, యాత్రికుల సహాయకుడు)

దర్శనం గురించి నేను చెబుతా. వయోవృద్ధులు, దివ్యాంగులతో పాటు క్యాన్సర్ లాంటి దీర్ఘకాలిక వ్యాధులున్నవారికి టీటీడీ ఉచితంగా ప్రత్యేక దర్శనం ఇస్తుంది. ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. మూడు నెలల తర్వాతి కోటాను మామూలుగా నెలలో 23వ తేదీ మధ్యాహ్నం 3 గంటలకు వదులుతారు, త్వరగా అయిపోతాయి. స్పెషలిస్టు డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్, ఒరిజినల్ ఆధార్ ఉండాలి. రోగితో పాటు ఒక్కరినే తోడుగా పంపుతారు కాబట్టి ఆ ఒక్కరు ఎవరో ఇంట్లోనే తేల్చుకోండి. లైను దగ్గరికి వచ్చాక భర్తా, స్నేహితురాలా అని వాదించుకుంటే నలిగిపోయేది ఆమే. రిపోర్ట్ చేసే చోటు దక్షిణ మాడవీధిలో తిరుమల నంబి ఆలయం పక్కన.

మూడు నెలల ముందు బుక్ చేయడానికి, కీమో లెక్కకు పొత్తు కుదరదు. 21 రోజుల చొప్పున క్యాలెండర్‌లో ముందుకు లెక్కపెట్టి, 17వ రోజు చుట్టుపక్కల పడే తేదీ ఎంచుకోవాలి. కణాలు తక్కువై కీమో ఒక వారం జరిగితే మీ తేదీ సరిగ్గా పదో రోజున పడుతుంది. అప్పుడు టికెట్ పోయినా పర్వాలేదు, వెళ్లకండి. మీకు రెండు కీమోలే మిగిలాయి కనుక కోటా దొరక్కపోవచ్చు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం ఉంది కానీ రద్దీ రోజుల్లో దాంట్లోనూ గంటలు నిలబడాలి. శక్తి ఉన్నవాళ్లకు శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళంతో వచ్చే టికెట్ మీద నిలబడే సమయం బాగా తగ్గుతుంది. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లు మాత్రం ఈమెకు వద్దే వద్దు. మూసిన హాల్లో వందల మంది, దగ్గులు, తుమ్ములు.

పెరటాసి (తమిళ నెల) శనివారాలు, బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వరుస సెలవులు వదిలేయండి. ఉత్సవాల రోజుల్లో ఈ ప్రత్యేక దర్శనాలు ఆపేస్తారు కూడా. మంగళ, బుధ, గురువారాలు కాస్త నయం. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వాయుగుండం వార్త ఉంటే ఆ రోజు కొండ ఎక్కొద్దు, ఘాట్‌లో బండలు జారతాయి.

చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్ల చిల్లర, దారి బాగుంది. అసలు పరీక్ష ఘాట్‌లోనే. ఎక్కేది, దిగేది వేరువేరు రోడ్లు. ఎక్కేదారిలో పెద్ద మలుపులు చివర్లో కొన్నే. దిగేది 1944 నాటి పాత రోడ్డు, హెయిర్‌పిన్‌లా వంపు తిరిగే మలుపులు 36. ఎక్కేటప్పుడు బాగానే ఉందని మాత్ర మానేస్తారు, దిగేటప్పుడు కడుపు తిప్పేస్తుంది. కీమో వాంతులకు ఇచ్చే ఎమ్‌సెట్ బండి తిప్పుడుకు పెద్దగా పనిచేయదు. దానికి అవోమిన్ లాంటిది వేరే ఉంటుంది, మత్తుగా ఉంటుంది. ఆమె వాడే మందులతో కలవచ్చా అని డాక్టరును ముందే అడిగి, దిగడానికి గంట ముందు వేయండి. ముందు సీట్లో కూర్చోబెట్టండి, అద్దం కొంచెం దించండి. ఖాళీ కడుపు వద్దు, రెండు ఇడ్లీలు చాలు.

ముందు సీటు అన్నాను కదా, ఒక చిన్న ఇబ్బంది. మన కార్లలో డ్రైవరు పక్కసీటు బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది. పోర్ట్ సరిగ్గా అక్కడే. బెల్టు తీసేయడమో, చంక కిందినుంచి దూర్చడమో చేయకండి. చేతి రుమాలు అంత మెత్తటి టవలును నాలుగు మడతలు పెట్టి బెల్టుకీ పోర్టుకీ మధ్య ఉంచండి.

అలిపిరిలో సామాను మొత్తం స్కానింగ్‌కు దించాలి, మందుల సంచి పైన ఉంచుకోండి. కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం. కాచి చల్లార్చిన నీళ్లు స్టీలు సీసాలో లీటరున్నర తెచ్చుకోండి.

ప్రశ్న అడిగినవారు

చాలా ఉపయోగపడింది అన్నా. మొక్కు విషయం, కాళ్ల తిమ్మిరి విషయం కూడా ఎవరైనా చెప్పండి. పుష్కరిణి స్నానం చేయాలని కూడా ఆమె అనుకుంటోంది.

జవాబు 3 (క్యాన్సర్ రోగుల సహాయ బృందం, చిత్తూరు)

పుష్కరిణి వద్దమ్మా. పోర్ట్ ఉన్నా, తెల్లకణాలు తక్కువగా ఉన్నా కోనేటి నీళ్లు ప్రమాదమే. గట్టున నిలబడి దణ్ణం పెట్టుకుంటే చాలు.

తలనీలాలు ఇప్పుడు వద్దు. కీమోలో తలచర్మం పల్చబడి ఉంటుంది, కొత్త బ్లేడైనా చిన్న గాటు పడుతుంది. ప్లేట్‌లెట్లు తక్కువుంటే ఆ గాటు ఆగకుండా కారుతుంది, తెల్లకణాలు తక్కువుంటే చీము పడుతుంది. కల్యాణకట్టలో నేల తడిగా ఉంటుంది, ఒట్టికాళ్లతో నడవాలి. కీమో ముగిశాక ఒకటి నుంచి మూడు నెలల్లో జుట్టు మళ్లీ మొలకెత్తుతుంది, అప్పుడు నిండుగా ఇవ్వొచ్చు. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఇంట్లోనే పసుపు గుడ్డలో రూపాయి ముడుపు కట్టించండి. మొక్కు పోలేదు, వాయిదా పడింది అన్న నిబ్బరం ఆమెకూ ఉంటుంది. ఇప్పుడే ఏదో ఒకటి ఇచ్చి తీరాలంటే, ఆడవాళ్లకు మూడు కత్తెర్లు ఇచ్చే ఆచారం ఎలాగూ ఉంది. అదీ తలమీద వెంట్రుకలు ఉంటేనే.

పాదాల గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎవరూ పట్టించుకోని విషయం ఇదే. పాక్లిటాక్సెల్ వల్ల వచ్చే తిమ్మిరిలో వేడి, నొప్పి సరిగ్గా తెలియవు. ప్రత్యేక దర్శనం మధ్యాహ్నం పూట. మాడవీధుల్లో చెప్పులు వేయకూడదు. ఎండాకాలంలో ఆ రాళ్ల మీద మనం గెంతుకుంటూ వెళ్లిపోతాం. ఆమె మాత్రం మామూలుగా నడుస్తుంది, కాలుతున్నట్టు కాలికి తెలియదు కాబట్టి. సాయంత్రం చూస్తే మడమ దగ్గర నీటిబొబ్బ. కూలింగ్ పెయింట్ వేసిన పట్టీలు, పట్టాలు పరిచిన చోటే నడిపించండి. మందపాటి నూలు మేజోళ్లు తొడిగించి ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు ఉంచండి. వీలైతే వీల్‌చైర్ అడగండి, అందులో కూర్చోవడానికి మొహమాటం అక్కర్లేదు. రాత్రికి ఫోను లైటు వేసి రెండు పాదాలూ, వేళ్ల సందుల్తో సహా మీరే చూడండి. కాళ్లకు వేన్నీళ్లు పోసేముందు మీ మోచేతితో వేడి చూడండి.

లైన్లో ఆమె కుడిచేతి వైపు మీరు నడవండి. బంగారు వాకిలి దగ్గర "జరగండి, జరగండి" అన్నప్పుడు తోపులాట అంతా ఆ చేతి మీద పడకూడదు. సంచులు ఆ చేతికి తగిలించొద్దు. మాస్కు మూసిన చోట్లంతా ఉండాలి.

తిండి వేడివేడిగా పొయ్యి దిగిందే పెట్టండి. పచ్చి కొబ్బరి చట్నీ, కోసి పెట్టిన పండ్లు, బయటి మజ్జిగ, చెరుకురసం వద్దు. అరటిపండు, కమలాపండు మీరే ఒలిచి పెడితే మంచిది. లడ్డూ తినొచ్చు, కానీ నోట్లో పుండ్లుంటే అందులోని పటికబెల్లం పలుకులు, జీడిపప్పు గీరుకుంటాయి. పలుకులు ఏరేసి, చిన్న ముక్కను గోరువెచ్చని పాలల్లో నానబెట్టి ఇవ్వండి. తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. కాచిన లీటరు నీళ్లకు ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంటసోడా. మింగకూడదు.

జవాబు 4 (తిరుపతి)

రాత్రి కొండమీద గది తీసుకుంటేనే మంచిదని నా అభిప్రాయం. చిత్తూరు నుంచి ఒకే రోజు వెళ్లి రావడం అంటే తెల్లారి లేచిన దగ్గర్నుంచి అలసటే. కీమో అలసట నిద్రపోతే తీరే అలసట కాదు.

జవాబు 1 (కీమో డేకేర్ నర్సు, తిరుపతి)

అలసట గురించి మీరన్నది నిజమే అన్నా. కానీ రాత్రి కొన్ని గంటలు ఘాట్ మూసేస్తారు. అర్ధరాత్రి జ్వరం వస్తే కొండమీద అశ్విని ఆసుపత్రి ఉంది, ప్రథమ చికిత్సకు అక్కడికే వెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి. అయినా క్యాన్సర్ వైద్యం ఉన్నది కింద. తిరుపతిలోని పెద్ద ఆసుపత్రి స్విమ్స్‌లో ఆంకాలజీ ఉంది, జూపార్కు దగ్గర టాటా ట్రస్టుల సాయంతో కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. అందుకే గది తిరుపతిలో తీసుకోవడం మేలు. ముందురోజు సాయంత్రం చిత్తూరులో బయల్దేరి తిరుపతిలో పడుకోండి. మర్నాడు పదకొండున్నరకు తేలిగ్గా భోజనం, గంటసేపు నడుం వాల్చడం, పన్నెండున్నరకు కొండ. మీ టికెట్ మీద వేరే సమయం ఉంటే దాన్నిబట్టి జరుపుకోండి. దిగాక ఆ రాత్రి కూడా తిరుపతిలోనే ఉంటే ఇంకా మంచిది.

తిరుచానూరు, కాళహస్తి, కాణిపాకం అన్నీ ఒకే ఊపులో చుట్టేయాలని కార్యక్రమం పెట్టుకోకండి. ఒక రోజుకు ఒకే గుడి. తోడుగా ఇంకోటి కావాలంటే తిరుచానూరు, అదీ మర్నాడు పొద్దున ఆమెకు ఓపికుంటేనే.

ప్రశ్న అడిగినవారు

అలాగే చేస్తాం అక్కా. ఈ విడత కీమోలో 17వ రోజు బుధవారం పడుతోంది. సోమవారం లైను దాకా వెళ్లాక ఆమెకు ఓపిక లేకపోతే వెనక్కి రావడం ఎలా, అందరూ ఏమనుకుంటారో అన్న బెంగ ఆమెదే. సీబీసీ మంగళవారం ఇస్తాం.

జవాబు 3 (క్యాన్సర్ రోగుల సహాయ బృందం, చిత్తూరు)

సోమవారం అని రాశారు, బుధవారమే కదా, క్యాలెండర్‌లో ఇంకోసారి చూసుకోండి. తేదీ తప్పితే లెక్కంతా తప్పుతుంది. సీబీసీ మంగళవారం పొద్దున్నే ఖాళీగా ఉన్న ల్యాబ్‌లో ఇవ్వండి, రక్తం ఎడమచేతికే తీయించండి. మధ్యాహ్నానికి రిపోర్టు డాక్టరుకు వాట్సాప్‌లో పంపి, సరేనన్నాకే సాయంత్రం బండి తీయండి.

వెనక్కి రావడం గురించి ఇవాళే ఆమెతో మాట్లాడండి, లైన్లో కాదు. ఒక గుర్తు పెట్టుకోండి. ఆమె మీ చేతిని రెండుసార్లు నొక్కితే ఇంక ప్రశ్నలు లేకుండా బయటికి. ఎవరికి ఏం చెప్పాలన్నది భర్త చూసుకుంటాడు. గోపురం చూసి దణ్ణం పెట్టుకుని దిగొచ్చినా ఆమె వెళ్లొచ్చినట్టే. రిపోర్టు వచ్చాక ఏఎన్‌సీ ఎంతుందో ఇక్కడ రాయండి, చూస్తుంటాం.