రెండో స్టేజి పెద్దపేగు క్యాన్సర్: ఆపరేషన్ తర్వాత కీమో కావాలా, వద్దా?

కృష్ణాతీరం
మా మామగారికి (63) పెద్దపేగు కుడివైపు గడ్డ తీసేశారు. రిపోర్టులో టీ3 (గడ్డ పేగు గోడ కండరాన్ని దాటింది), ఎన్0 (లింఫ్ గ్రంథులకి పాకలేదు) అని ఉంది, అంటే రెండో స్టేజి. 19 లింఫ్ గ్రంథులు చూస్తే ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. సర్జన్ గారు ఇక చెకప్‌లకి వస్తే చాలన్నారు. ఇంకో డాక్టర్‌కి చూపిస్తే ఆర్నెల్లు క్యాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వాడమన్నారు. ఆపరేషన్ అయ్యి నెల కావస్తోంది. ఇంట్లో ఎవరి వాదన వాళ్లది. మీరేమంటారు?

నల్లమల
వాడించెయ్యండి. సెలైన్ కూడా కాదు, మాత్రలే కదా. రేపు తిరగబెడితే అప్పుడే వేయించాల్సిందని తల బాదుకోవాలి.

ఓపీ చీటీ
నల్లమల గారూ, "మాత్రలే కదా" అనకండి. 14 రోజులు పొద్దునా రాత్రీ వేసుకుని, వారం ఆపి, మళ్లీ మొదలు. అరిచేతులు, అరికాళ్లు ఎర్రబడి తోలు ఊడొచ్చు. కొందరికి చెప్పులేసుకోవడమే కష్టం. విరేచనాలు మరీ ఎక్కువైతే ఆస్పత్రిలో చేరాల్సి రావచ్చు.

ఇక లాభం ఎంతంటారా? ఈ ప్రశ్న మీద జరిగిన పెద్ద ట్రయల్ క్వాసర్, 2007లో అచ్చయింది. 3,239 మందిలో దాదాపు అందరూ రెండో స్టేజి వాళ్లే. కీమో లేకుండా అయిదేళ్లలో 100కి 20 మంది చనిపోతారనుకుంటే, ఫ్లోరోయురాసిల్ (క్యాపెసిటబిన్ ఒంట్లోకి వెళ్లాక మారేది ఈ మందుగానే) ఇస్తే ఆ 20లో మూడున్నర మంది దాకా తగ్గుతారని లెక్క తేలింది. మిగతావాళ్లకి మందు వల్ల ఒరిగేదేమీ లేదు, బాధ మాత్రం అందరికీ.

నల్లమల
ఆ మూడున్నర మందిలో మీ నాన్న ఉంటే?

ఓపీ చీటీ
ఉంటే వాడిస్తాను. ఆయన ఆ గుంపులో ఉండే అవకాశం ఎంతో ముందు చూస్తాను. కృష్ణాతీరం గారూ, పేగు మూసుకుపోయి ఎమర్జెన్సీలో చేశారా? చిల్లు పడిందా? రక్తనాళాల్లోకీ, నరాల్లోకీ పాకినట్టు రాశారా?

కృష్ణాతీరం
ఎమర్జెన్సీ కాదండీ. రక్తం తగ్గిపోతోందని కొలనోస్కోపీ చేస్తే బయటపడింది. అయితే సన్నటి నాళాల్లో క్యాన్సర్ కణాలున్నాయని ఒక లైను రాశారు.

నల్లమల
చూశారా! ఆ ఒక్క లైను చాలు.

ఓపీ చీటీ
చాలదు. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో 2022 సూచనల్లో, గడ్డ టీ4 అయితే, అంటే పేగు పైపొరనీ దాటితే లేదా పక్క అవయవాల్లోకి పాకితే, కీమో ఇవ్వజూపాలన్నారు. టీ3కి ఇలాంటి ముప్పు లక్షణం తోడైతే "ఇవ్వవచ్చు" అన్నారు, అంతే. ఆ "ఇవ్వవచ్చు" దగ్గరే డాక్టర్లు రెండుగా చీలుతున్నారు. మీ ఇద్దరు డాక్టర్లలో ఒకరు తప్పు అనుకోకండి.

డల్లాస్ బాబాయ్
రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ చూసే పరీక్ష ఉంది కదా! ఆస్ట్రేలియాలో డైనమిక్ అని ట్రయల్ చేశారు, 2022లో వచ్చింది. 455 మంది, అందరూ రెండో స్టేజే. ఈ పరీక్షను బట్టి నడిచిన గుంపులో (రక్తంలో ఆ డీఎన్ఏ కనిపిస్తేనే కీమో) 15 శాతం మందికే కీమో ఇచ్చారు, మామూలు పద్ధతిలో 28 శాతానికి. రెండేళ్లకి రెండు గుంపుల ఫలితాలూ దాదాపు ఒకటే.

పాలకొల్లు
బాబాయ్ గారూ, ఇక్కడ దాని ఖరీదు వింటే మా బీపీ పెరుగుతుంది. నాదో డౌట్. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) గురించి గొప్పగా చెబుతున్నారుగా, కీమో బదులు అది పెట్టించుకోవచ్చు కదా?

ఓపీ చీటీ
మీరన్నది నెదర్లాండ్స్‌లో చేసిన నిచ్-2 ట్రయల్ అనుకుంటా. గడ్డ కరిగింది నిజమే, 111 మందిలో 68 శాతానికి కణమే మిగల్లేదు. కానీ మందు ఇచ్చింది ఆపరేషన్‌కి ముందు. అదీ ఎంఎంఆర్ ప్రోటీన్లు (కణాల్లో డీఎన్ఏ కాపీ తప్పుల్ని సరిదిద్దేవి) లోపించిన గడ్డలకే. మామగారి గడ్డ ఎప్పుడో బయటికొచ్చేసింది.

అసలు ఇక్కడ ఎవరూ అడగనిది ఆ ఎంఎంఆరే. గడ్డ ముక్క మైనం దిమ్మలో ల్యాబ్‌లోనే ఉంటుంది. దానిమీద నాలుగు ప్రోటీన్లకి రంగు పరీక్ష చేయించండి. ఒక్కటి లోపించినా తిరగబెట్టే ముప్పు తక్కువ, పైగా ఒంటరిగా క్యాపెసిటబిన్ వాడి లాభం లేదు. కుడివైపు గడ్డల్లో ఈ లోపం ఎక్కువ. వంశపారంపర్యమని తేలితే మీ ఆవిడకీ, ఆవిడ తోబుట్టువులకీ కొలనోస్కోపీ అవసరం పడొచ్చు.

నల్లమల
ఈలోగా టైమ్ దాటిపోదా?

ఓపీ చీటీ
కీమో మొదలుపెట్టాలంటే మామూలుగా ఎనిమిది వారాల్లోపు. పరీక్షకి కొన్ని రోజులు చాలు.

నల్లమల
సరే, ఆగుదాం. నాలుగు ప్రోటీన్లూ ఉంటే మాత్రం నా ఓటు మాత్రలకే.

ఓపీ చీటీ
అప్పుడు ఆయన ఒంట్లో ఓపికని బట్టి నేనూ ఒప్పుకుంటానేమో. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కలుపుతామంటే మాత్రం గట్టిగా అడ్డుపడతా. దాన్ని పరీక్షించిన మొజాయిక్ ట్రయల్‌లో రెండో స్టేజి వాళ్లకి దానివల్ల ఆయుష్షు పెరిగింది లేదు, వేళ్ల తిమ్మిర్లు కొందరికి ఏళ్ల తరబడి మిగిలాయి. కృష్ణాతీరం గారూ, మాత్రలు మొదలెట్టే ముందు డీపీవైడీ జన్యు పరీక్ష సంగతి డాక్టర్‌ని అడగండి. క్యాపెసిటబిన్ మందుని ఒంట్లో విరగ్గొట్టే ఎంజైమ్ పూర్తిగా లేనివాళ్లకి మామూలు డోసే ప్రాణం మీదికి తెస్తుంది.