వెనక బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మార్చాలి, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్‌తో చిక్కొచ్చింది

ముందు చక్రాల ప్యాడ్లు నేనే మార్చుకున్నాను, ఇబ్బంది లేదు. వెనకవాటి దగ్గర ఆగిపోయాను. నాది పెద్ద లగ్జరీ ఎస్‌యూవీ, పార్కింగ్ బ్రేక్ మోటారు వెనక క్యాలిపర్‌కే (ప్యాడ్లని డిస్క్‌కి నొక్కే భాగం) బిగించి ఉంది. చక్రం విప్పి చూస్తే లోపలివైపు ప్యాడ్ 2 మి.మీ. కూడా లేదు, బయటిది మాత్రం సగం మిగిలే ఉంది. క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే గైడ్ పిన్ ఒకటి చేత్తో లాగితే కదలడం లేదు. దాని రబ్బరు బూటు చిరిగి లోపల తుప్పు కనిపిస్తోంది. ఇలా ఒకవైపే అరగడానికి కారణం అదేనా, ప్యాడ్‌ని తోసే పిస్టన్ కూడా పట్టేసిందా? ఎలా తేల్చుకోవాలి?

అసలు సందేహం వేరే. సర్వీస్ మోడ్‌లో (పార్కింగ్ బ్రేక్ మోటారుని వెనక్కి తిప్పి ఉంచే స్థితి) పెట్టకుండా పిస్టన్‌ని సీ-క్లాంపుతో నొక్కితే లోపలి మెకానిజం దెబ్బతింటుందని తెలుసు, ఆ పని చేయను. మరి ఆ మోడ్‌కి కారు కంప్యూటర్‌కి తగిలించే మామూలు ఓబీడీ స్కానర్ సరిపోతుందా, పార్కింగ్ బ్రేక్ ఫంక్షన్ ఉన్నదే కొనాలా? మోటారు విప్పేసి దాని వెనక ఉండే స్పిండిల్‌ని (పిస్టన్‌ని నడిపే ఇరుసు) చేత్తో వెనక్కి తిప్పేవాళ్లూ ఉన్నారు. నాకైతే అంత ధైర్యం లేదు.

వార్నింగ్ లైటు వెలిగింది కాబట్టి ప్యాడ్ సెన్సర్ కొత్తది తెచ్చుకున్నాను. డిస్క్ అంచున కాస్త గట్టు లేచింది, మందం మాత్రం దాని మీద చెక్కిన కనీస కొలత కంటే ఎక్కువే ఉంది. కొత్త ప్యాడ్లకి అదే డిస్క్ వాడొచ్చా?