సమస్యాపూరణం: «మౌనదీక్షలోన మాట పెరిగె»

నల్లకుంట మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. వనస్థలిపురం వైపున్న ధమ్మఖేత్త విపశ్యన ధ్యాన కేంద్రంలో 10 రోజుల శిబిరం చేసొచ్చిన మన సభ్యురాలు ఒకరు ఇచ్చారు. అక్కడ పదో రోజు ఉదయం దాకా ఆర్యమౌనం, అంటే తోటివాళ్లతో మాటా సైగా ఉండవు. ఫోను ముందే అప్పగించాలి. పైకి మాట ఆగాకే లోపల ఎంత వాగుతున్నానో తెలిసిందన్నారామె. అలక మౌనాలు, మొగుడూపెళ్లాల మౌనాలు మనకొద్దు. లోపలి మాట మీదే రాయండి.

మల్కాజిగిరి అక్క:
నోరు మూసికొంటి నొక్క మాటయు రాదు
మనసు మాత్ర మూరుకొనదు సుంత
నిన్న పడిన మాట నేడును వినిపించె
మౌనదీక్షలోన మాట పెరిగె

మాస్టారు:
అమ్మా, రెండో పాదంలో మనసు, కొనదు ప్రాసయతి చక్కగా కుదిరింది, యతికి బదులు రెండో అక్షరం ‘న’ కలిసింది. మాట పడ్డది ఒక్కసారే, వినిపించేది మాత్రం రోజంతా! మూడో పాదంలో ఉన్నదంతా అదే. ‘సుంత’ పాదం నింపడానికి వచ్చిందేమో అనుకున్నాను గానీ, తీసేస్తే ఆ విసుగు పోతోంది. ఉండనివ్వండి.

ఉప్పల్ కుర్రాడు:
ట్యాంకుబండు మీద టక్కున కూర్చుంటి
ఫోను కట్టిపెట్టి పొద్దు గూకె
బాసుతోడ నేను పోరాడి గెలిచితి
మౌనదీక్షలోన మాట పెరిగె

మాస్టారు:
నవ్వించావు నాయనా. కానీ మూడో పాదంలో యతి తప్పింది. ‘బా’కు ‘పో’ హల్లు పరంగా సరే, అచ్చులకు మైత్రి లేదు. ‘వాదించి గెలిచితి’ అను, సరిపోతుంది. అర్థమూ బాగుపడుతుంది, లోపల జరిగేది వాదనే కదా. ఇక ఆ ‘టక్కున’ యతి కోసమే వచ్చింది. కూర్చోవడానికి అంత తొందరేమిటి?

ఉప్పల్ కుర్రాడు:
ఆదివారం సాయంత్రం టక్కున కూర్చోకపోతే అక్కడ చోటెక్కడిది మాస్టారూ! ‘వాదించి’ తీసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే, బాసు డైలాగులు కూడా నేనే చెబుతున్నానని ఈ పద్యం రాస్తుంటేనే తెలిసింది.

తార్నాక డాక్టరమ్మ:
పేరుపెట్టి నన్నుఁ బిలిచికొంటిని నేడు
ఏమి తోచె నీకు నిపుడు చెప్పు
తిట్టువాడు తగ్గి తీరుగా బదులిచ్చె
మౌనదీక్షలోన మాట పెరిగె

మల్కాజిగిరి అక్క:
పద్యం బాగుంది కానీ డాక్టరుగారూ, విపశ్యనలో ఆలోచనకు బదులివ్వరు కదా? వచ్చిందని గమనించి మళ్లీ శ్వాస మీదికి వస్తారు. మీరు కూర్చోబెట్టి కబుర్లాడుతున్నారు.

తార్నాక డాక్టరమ్మ:
నిజమేనండీ, ఇది వేరే దారి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రసంగానికి ముందు ‘నేనెందుకు భయపడుతున్నాను’ అనుకోకుండా తమను తాము పేరు పెట్టి అడిగినవాళ్లు బాగా మాట్లాడారు, టెన్షనూ తగ్గింది. పక్కవాళ్ల కష్టానికి మనం సలహా ఎంత నిదానంగా చెబుతామో చూడండి. పేరు పెట్టి పిలిస్తే ఆ ఎడం కాస్త మనకూ దొరుకుతుంది. ‘తిట్టకు’ అని మనసును గద్దించడం మాత్రం పనిచేయదు, అదీ ఇంకో తిట్టే.

మాస్టారు:
‘వినుర వేమ’ అని తన పేరు తానే పెట్టి పిలుచుకున్న కవి మనకుండగా మిషిగన్ దాకా ఎందుకమ్మా! సరే, ఈ వారం నా మార్కు డాక్టరమ్మకే. మొదటి రెండు పూరణల్లో పెరిగిన మాట గొడవ, ఇందులో పెరిగింది సంభాషణ. పాదం ఒక్కటే, అర్థం తిరగబడింది. సమస్య ఇచ్చేది అందుకే. ‘తిట్టువాడు తగ్గి’ చోట తకారాలు కాస్త కొట్టుకుంటున్నాయి, మళ్లీ చదివి చూడండి.

ఉప్పల్ కుర్రాడు:
డాక్టరుగారూ, ఒక డౌటు. ఏ పేరుతో పిలుచుకోవాలి? ఆఫీసు పేరుతో పిలుచుకుంటే మా మేనేజరు పిలిచినట్టే ఉంది.

తార్నాక డాక్టరమ్మ:
ఇంట్లో ముద్దుగా పిలిచే పేరుంటుంది కదా తమ్ముడూ, దాంతో పిలువు.