పోర్ట్స్‌మౌత్ 1949-50 టైటిల్: పాయింట్లు సమానం, మరి తేల్చిన లెక్క ఏది?

గంటస్తంభం (విజయనగరం):
ఇక్కడ కాలేజీ పిల్లలకి పెట్టే క్విజ్‌లో పాత ఇంగ్లీషు ఫుట్‌బాల్ మీద ఒక రౌండు ఉంది. 1949-50 ఫస్ట్ డివిజన్ (అప్పటి పై స్థాయి లీగ్) పట్టికలో పోర్ట్స్‌మౌత్‌కీ వుల్వ్స్‌కీ (వుల్వర్‌హాంప్టన్ క్లబ్బు) 53 పాయింట్లే. గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేస్తే మిగిలేది) చూస్తే పోర్ట్స్‌మౌత్‌కి 36, వుల్వ్స్‌కి 27. కార్డు మీద "గోల్ డిఫరెన్స్‌తో గెలిచింది" అని రాసెయ్యొచ్చా? ఇంకోటి, పోర్ట్స్‌మౌత్ జట్టు బొమ్మ గీయాలి. స్కూలర్, ఫ్లూయిన్, డికిన్సన్ ముగ్గురూ హాఫ్ బ్యాక్‌లట (మధ్య వరస ఆటగాళ్లకి పాత పేరు). ముగ్గురినీ మైదానం మధ్యలో పెట్టాలా?

నాగావళి (శ్రీకాకుళం):
అలా రాయకండి మాస్టారూ. అప్పట్లో చూసింది గోల్ యావరేజ్. కొట్టిన గోల్స్‌ని, ప్రత్యర్థులకి ఇచ్చిన గోల్స్‌తో భాగించాలి. ఇంగ్లండ్ లీగ్‌లో డిఫరెన్స్ 1976-77 నుంచే వచ్చింది.

పోర్ట్స్‌మౌత్: 22 గెలుపులు, 9 డ్రాలు, 11 ఓటములు. అప్పట్లో గెలుపుకి 2 పాయింట్లే, డ్రాకి 1 కాబట్టి 44 + 9 = 53. గోల్స్ 74, ఇచ్చినవి 38. యావరేజ్ 1.947.
వుల్వ్స్: 20 గెలుపులు, 13 డ్రాలు, 9 ఓటములు. 40 + 13 = 53. గోల్స్ 76, ఇచ్చినవి 49. యావరేజ్ 1.551.

అంటే ఎక్కువ గోల్స్ కొట్టింది వుల్వ్సే. ఈ లెక్కలో అసలు సంగతి ఇక్కడే ఉంది. పోర్ట్స్‌మౌత్‌ని దాటాలంటే వుల్వ్స్ ఇంకో 20 గోల్స్ కొట్టాలి (96ని 49తో భాగిస్తే 1.959). అదే గోల్స్ ఇవ్వడం తగ్గించుకుంటే 10 చాలు (76ని 39తో భాగిస్తే 1.949). డిఫరెన్స్ లెక్కలో కొట్టిన గోలూ ఆపిన గోలూ ఒకే విలువ. యావరేజ్‌లో మాత్రం మంచి జట్టుకి ఆపిన గోలే ఎక్కువ కలిసొస్తుంది. అందుకే ఆ టైటిల్ గురించి చెప్పేటప్పుడు మొదట గోల్స్ ఆపిన రక్షణ వరసనే పొగడాలి.

చివరి రోజు ఫలితాలు కూడా కార్డు మీద వెయ్యండి. వుల్వ్స్ బర్మింగ్‌హామ్‌ని 6-1తో కొట్టింది, పోర్ట్స్‌మౌత్ ఆస్టన్ విల్లాని 5-1తో. ఆ ఉదయానికి ఇద్దరికీ 51 పాయింట్లు. పోర్ట్స్‌మౌత్ ఆ రోజు డ్రా చేసుకుని ఉంటే చాలు, టైటిల్ వుల్వ్స్‌దే అయ్యేది. సండర్లండ్ 52తో మూడో స్థానం.

భాగహారం మూడు దశాంశ స్థానాలదాకా చెయ్యండి. పిల్లలు తిరగేసి, ఇచ్చినవాటిని కొట్టినవాటితో భాగించడం మామూలే. జవాబు 1 కన్నా తక్కువొస్తే అదే జరిగిందని తెలుస్తుంది. పట్టిక పైన ఉన్న ఈ రెండు జట్లకీ జవాబు 1 దాటాలి కదా!

బొబ్బిలి వీణ:
బొమ్మ సంగతి నేను చెప్తాను. ముగ్గురినీ మధ్యలో పెడితే తప్పు. అది డబ్ల్యూ-ఎం అమరిక (ఆటగాళ్లు నిలబడే తీరు W, M అక్షరాల్లా ఉంటుంది). 5వ నంబరు సెంటర్ హాఫ్ పేరుకే హాఫ్, నిలబడేది 2, 3 నంబర్ల ఫుల్ బ్యాక్‌ల మధ్య. కాబట్టి ఫ్లూయిన్‌ని వెనక వరసలో పెట్టండి. వాళ్లకి ముందు కుడి వైపు స్కూలర్ (4), ఎడమ వైపు డికిన్సన్ (6). వీళ్లకి ముందు ఇద్దరు ఇన్‌సైడ్ ఫార్వర్డులు (8, 10). అందరికన్నా ముందు కుడి అంచున హ్యారిస్ (7), నడుమ సెంటర్ ఫార్వర్డ్ (9), ఎడమ అంచున ఫ్రాగాట్ (11). గోల్‌లో బట్లర్. పక్కన సబ్‌స్టిట్యూట్ల గడి గీయకండి. లీగ్‌లో వాళ్లని అనుమతించింది 1965-66 నుంచి.

స్కూలర్ దూకుడుగా బంతి లాక్కునేవాడు, డికిన్సన్ శుభ్రంగా తీసి చిన్న పాస్ ఇచ్చేవాడు. ఈ జత ఎంత గొప్పదో! డికిన్సన్ పోర్ట్స్‌మౌత్‌కి 764 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, తప్పాట ఆడాడని ఒక్కసారి కూడా రిఫరీ పుస్తకంలోకి ఎక్కలేదు. ఇది మంచి ప్రశ్న అవుతుంది. స్కూలర్ తర్వాత న్యూకాజిల్‌కి వెళ్లి 1955 ఎఫ్‌ఏ కప్ కెప్టెన్‌గా ఎత్తాడు.

గంటస్తంభం (విజయనగరం):
ధన్యవాదాలండీ. మన జిల్లా కాలేజీల టోర్నీలో సమానమైతే ఈ యావరేజే పెడితే ఎలా ఉంటుంది?

నాగావళి (శ్రీకాకుళం):
వద్దు. 42 మ్యాచ్‌ల లీగ్‌కి నడిచింది గానీ, పూల్‌లో (గ్రూపులో) మూడేసి మ్యాచ్‌లే ఉన్నప్పుడు ఒక్క గోల్ కూడా ఇవ్వని జట్టు వస్తుంది. సున్నాతో భాగించలేరు. పైగా 2 కొట్టి 1 ఇచ్చిన జట్టుకి 2.0, 9 కొట్టి 5 ఇచ్చిన జట్టుకి 1.8 వస్తుంది. డిఫరెన్స్, ఆ తర్వాత కొట్టిన గోల్స్, అదీ సమానమైతే ముఖాముఖి ఫలితం. ఈ వరస టోర్నీ మొదలవకముందే కాగితం మీద పెట్టి అన్ని జట్లకీ ఇవ్వండి.