రాజమండ్రి పాత బజారు: రోడ్డు వెడల్పు చేయాలా, మేడలు నిలబెట్టాలా?

గోదారిగట్టు: 2027 జూన్ ఆఖర్లో పుష్కరాలు. పుష్కరాలంటే రోడ్ల వెడల్పు మాట రాక మానదు. మెయిన్ రోడ్డు, ఇన్నీసుపేట వైపు గానుగ సున్నంతో కట్టిన పాత మేడల్ని ముందువైపు పదడుగులు కొట్టేయాలా, బాగుచేసి వాడుకలోకి తేవాలా? కొట్టొద్దనే నా మాట. ఊరికి వచ్చినవాళ్లకు ఘాట్ ఒక్కటే చూపిస్తామా? వీరేశలింగం గారు 1890లో కట్టించిన టౌన్ హాలుంది. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిన హేవలాక్ వంతెన ఉంది. వీటి నడుమ నడవదగ్గ పాత ఊరు ఇంకా మిగిలే ఉంది.

కొలతబద్ద: కొట్టొద్దనడం తేలికేనండి, ఖర్చు ఎవరిది? ఒక్కో మేడకు అయిదారుగురు వారసులు, కింద దుకాణానికి ఎప్పటిదో అద్దె. 1960 అద్దె నియంత్రణ చట్టం నాటి పద్ధతిలో సాగిన అద్దెలు కప్పు మరమ్మతుకు కూడా చాలవు. రక్షించాలని చెప్పి వదిలేస్తే ఏమవుతుందో పుదుచ్చేరిలో చూశాం. 1870ల నాటి మేరీ భవనం, అంటే ఫ్రెంచివాళ్ల నాటి పురపాలక కార్యాలయం, 2014 నవంబరు వానలకు కుప్పకూలింది. ఇప్పుడక్కడున్నది అదే రూపంలో మళ్లీ కట్టినది. పైగా బట్టల కొట్లలో నిప్పు అంటుకుంటే ఫైరింజను ఎలా వెళ్తుంది?

సున్నపుబట్టీ: ఫైరింజను వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. దానికి అడ్డమొచ్చేది గోడలు కాదు కొలతబద్ద గారూ, ముందుకు లాగిన రేకులూ, రెండు వరసల బైకులూను. అవి తీయడానికి జేసీబీ అక్కర్లేదు.

అసలు పదడుగులు కోయడమే ప్రమాదం. ఈ వరస మేడలకు చాలాచోట్ల ఉమ్మడి గోడలే. మీ దూలం కొసా, పక్కింటి దూలం కొసా ఒకే గోడలో కూర్చుంటాయి. ముందు గోడ తీసేస్తే అడ్డగోడలకు మూల కట్టు పోతుంది. కొత్తగా లేపిన కాంక్రీటు ముందుభాగం ఒక తీరున దిగుతుంది, పాత సున్నపు గోడ ఇంకో తీరున దిగుతుంది. అతుకు దగ్గర పై నుంచి కింది దాకా బీట పడుతుంది, మొదటి వానకే నీళ్లు దిగుతాయి. కొట్టక తప్పని చోట కూడా ముందు పక్కింటి దూలాలకు ఊతలు పెట్టి, గోడను పై వరస నుంచి చేత్తో విప్పాలి.

పాత మేడలు పాడయ్యేది వయసు వల్ల కంటే సిమెంటు వల్లే ఎక్కువ. నేలలోంచి ఎక్కే నెమ్ము సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి నెమ్ము ఇంకా పైకి ఎక్కుతుంది. ఇటుకలో ఉప్పు పేరుకుని పూత ఉబ్బి రాలుతుంది. డాబా కారుతోందని పైన కాంక్రీటు పోయడం ఇంకో తప్పు. 10×12 అడుగుల గది మీద రెండంగుళాలు పోస్తే కొత్తగా సుమారు 1,350 కిలోలు పడతాయి, అప్పటికే కొసలు పుచ్చిన టేకు దూలాల మీద!

ఇన్నీసుపేట: మరి చేయాల్సిన పద్ధతి ఏమిటో వరసగా చెప్పండి. ఊళ్లో సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకడమే కష్టం.

సున్నపుబట్టీ: మొదట కప్పు, తరవాతే గోడ. గోడలోకి వెళ్లే చోట ప్రతి దూలాన్నీ స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. మెత్తగా దిగితే పుచ్చిన కొస కోసేయాలి. రెండు పక్కలా ఉక్కు పలకలు పెట్టి బోల్టులు బిగించాలి, ఆ పలకలు గట్టి చెక్క మీదకు రెండు మూడడుగులు రావాలి. గోడలో కొస చుట్టూ గాలి ఆడే సందు వదలాలి. అక్కడ సిమెంటు కూరితే మళ్లీ పుచ్చుతుంది.

గోడకు సిమెంటు పూత గీకేసి కొన్ని వారాలు ఆరనివ్వాలి. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, నెమ్ము ఉన్నచోట ఇసుకలో కొంత తీసి ఇటుకపొడి. ఒక్కో పొర అర అంగుళం మించకూడదు, వారం పది రోజులు తడి గోనెలు కప్పాలి. మేస్త్రీలు తొందరపడేది ఇక్కడే. ఎండలో ఆరితే పొర వెంట్రుకవాసి బీటలు వేస్తుంది. పైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే ఈ పనంతా వృథా, వెల్లే వేయాలి.

వెనకసందు: కట్టడం ఒకటే చూస్తే బజారు బతకదండి. చాలా మేడల్లో పైకి మెట్లు దుకాణం లోపల్నుంచే ఉంటాయి, అందుకే పై అంతస్తు గోడౌనుగా మారింది. బట్టల బేళ్ల బరువూ అక్కడే. వెనక సందులోంచి వేరే మెట్లు, ఒక మరుగుదొడ్డి ఇస్తే పైన ట్యూషనో, ఆడిటరు ఆఫీసో, గదుల అద్దెలో నడుస్తాయి. మరమ్మతు డబ్బు వచ్చేది ఆ అద్దెలోంచే. పుదుచ్చేరిలోనే వైశ్యాల్ వీధి ఇళ్ల ముఖాలు బాగుచేసినప్పుడు ఖర్చును యజమానులతో పంచుకున్నారు. కొలతబద్ద గారు ఆ ఊరి గురించి సగమే చెప్పారు.

కొలతబద్ద: ఒప్పుకుంటాను, కానీ ఆరుగురు వారసుల్లో ఒకరు సంతకం పెట్టకపోతే మీ వెనక మెట్లు కూడా లేవవు. పుష్కరాల లోపు అది తేలదు. ఈలోగా స్థలం పోయినవాళ్లకు టీడీఆర్ బాండు (డబ్బుకు బదులు, అదనపు అంతస్తులు కట్టుకోవడానికో ఆ హక్కు అమ్ముకోవడానికో ఇచ్చే కాగితం) ఇస్తే చాలనడం కూడా మాయే. అదనపు అంతస్తులు కట్టేవాడు ఊళ్లో లేకపోతే ఆ కాగితం కొనేదెవరు?

సున్నపుబట్టీ: బాండు సంగతిలో మీదే నిజం. సంతకాలు లేకుండా అయ్యే పని కూడా ఉంది: డాబా తూములు శుభ్రం చేయడం, గోడల్లో మొలిచిన రావి మొక్కలు వేళ్లతో సహా తీయడం, బేళ్లు కిందికి దించడం. పుష్కరాల లోపు సున్నం పనికి చివరి పొడికాలం 2026 నవంబరు నుంచి 2027 మార్చి దాకా. ఏప్రిల్ ఎండల్లో పూయొద్దు.