పలకరించడానికి ఊరుంది కదా, మళ్లీ వాలంటీర్లెందుకు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
మా వీధిలో ఓ పెద్దాయనకి గొంతు కేన్సర్. ఇక చేసేదేం లేదని విశాఖ నుంచి ఇంటికి పంపేశారు. నయంకాని జబ్బున్నోళ్లకి నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ వాలంటీర్లమంటూ వారం వారం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మంచం పక్కన కూర్చుని పోతున్నారు. (వాలంటీర్లనగానే ఒకప్పటిలా పింఛను తెచ్చారనుకుని ఆయన ఇల్లాలు వేలిముద్రకి చెయ్యి చాపిందట!) మందు తెలీదు, చుట్టరికం లేదు. మంచం పట్టినోళ్లని చూడ్డానికి మన దగ్గర ఊరంతా వస్తుంది. ఇంటిగుట్టు బయటపడ్డం తప్ప వీళ్లవల్ల ఒరిగేదేంటి?

కవిటి కొబ్బరి:
ఊరంతా వస్తుంది బాబాయ్, వచ్చి ఏటంటుంది? మా నాన్నకి లివర్ కేన్సర్. బత్తాయిలు పట్టుకొచ్చి, "ఎలాంటి మనిషి ఎలా అయిపోయాడు" అని ఆయనకి వినబడేలాగే అనేవారు. అదే జబ్బుతో పోయినోళ్ల పేర్లు వరసపెట్టి చెప్పేవారు. అందరికీ టీలు పెట్టలేక అమ్మ సగమైపోయింది. వాలంటీరుగా వచ్చినాయన టీ వద్దన్నాడు. "మీరు తిన్నారా పిన్నీ? నేనిక్కడుంటాను, స్నానం చేసి రండి" అన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత అమ్మ తలంటుకుంది. తడిజుట్టుతోనే అరుగు మీద నిద్రపోయింది.

ఇంకోటి. నొప్పికిచ్చే మార్ఫిన్ అలవాటైపోతుందని ఎవరో అంటే, నాన్న నొప్పి ఓర్చుకోలేనప్పుడే ఆ బిళ్ల ఇచ్చేవాళ్లం. ఆ వాలంటీరు సొంత సలహా ఇవ్వలేదు, నర్సుకి ఫోన్ కలిపాడు. నాలుగేసి గంటలకి గడియారం చూసి వెయ్యాలని, విరేచనం బిగుసుకోకుండా వేరే మందు కూడా వాడాలని ఆవిడ చెప్పింది. ఆ రాత్రి నాన్న తెల్లారిందాకా పడుకున్నాడు.

బొబ్బిలి వీణ (విజయనగరం):
ఆ నర్సు ఉంది కాబట్టి సరిపోయింది. కోజికోడ్‌లో 1993లో మొదలైన ఈ పని కేరళ ఊళ్లన్నిటికీ పాకిందంటే, 2008లో అక్కడి సర్కారు దాన్ని విధానంగా పెట్టుకుని పంచాయతీలని కలుపుకోబట్టే. వాలంటీరు వెనక నర్సు, నర్సు వెనక డాక్టరు. మార్ఫిన్ మీదున్న చట్టం 2014లో సడలింది, నిజమే. రాసే డాక్టరూ ఇచ్చే మందులషాపూ కూడా ఉండాలిగా! మంచి మనసొక్కటే పట్టుకుని గడపెక్కేవాళ్లంటే నాకు భయమే.

నాగావళి గట్టు:
సరే, ఫోటోల సంగతో? మా మేనత్తని చూడ్డానికి ఇలాగే వచ్చిన ఒకడు మూత్రం గొట్టంతో సహా ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఆవిడ పోయాక కూడా అది తిరుగుతూనే ఉంది. పైగా మా పెద్దాయనకి జబ్బు పేరు చెప్పలేదు. ఆయనే వీళ్లని అడిగితే?

కవిటి కొబ్బరి:
ఫోటో తీసినోణ్ణి మళ్లీ గడప తొక్కనివ్వకూడదు, అందులో రెండో మాట లేదు.

నాన్న కూడా అడిగాడు. "నాకు తగ్గుతుందా బాబూ?" అని. "మీకేమనిపిస్తోంది?" అన్నాడా వాలంటీరు. నాన్న చాలాసేపు ఫ్యాను వైపు చూసి, "పాస్‌బుక్కు ఎక్కడుందో మీ పిన్నికి తెలీదు" అన్నాడు. ఆయనకి ఎప్పుడో తెలుసు. దాచామనుకున్నది మేమే.

బొబ్బిలి వీణ:
అలా అడగడం అందరికీ రాదు. నేర్పించి పంపాలి.

నాగావళి గట్టు:
ఆదివారం వాళ్లొస్తారు. ఫోన్లు గుమ్మంలోనే పెట్టమంటాను. వెనక నర్సెవరో కూడా అడుగుతాను. లేరంటే మాత్రం నా మాట నాదే.